ఇంటి కథలు మోసిన మనిషి వెళ్లిపోయాక: ఏడాదిపాటు చేయవలసిన పని

మా దొడ్డమ్మ ఏ కథ మొదలుపెట్టినా ముందు అది ఎక్కడిదో చెప్పేది. "ఇది మా అత్తగారు చెప్పగా విన్నది" అనో, "ఇది నేను కళ్లారా చూసింది" అనో, "ఇది నలుగురూ అనుకునే మాట, నిజానిజాలు నాకు తెలియవు" అనో. ఆ తరవాతే కథలోకి దిగేది. విశాఖపట్నం వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్‌కు దగ్గర్లో ఉన్న మా ఉమ్మడి ఇంటికి ఆమె కోడలిగా వచ్చింది. ఆ ఇంట్లో పుట్టినవాళ్లకు తెలియని చరిత్ర ఆమెకు తెలుసు. ఎవరికి ముందు బొట్టు పెట్టి పిలవాలి, ఏ ఇంటితో మాటలు లేవు, ఎందుకు లేవు అన్నది తెలియకపోతే కొత్త కోడలికి మాట పడుతుంది. అలా అవసరం కొద్దీ నేర్చుకుంది. తరవాత ఇష్టంతో నిలబెట్టుకుంది.

ఆమె పోయినరోజు మా అందరి నోటా ఒకటే మాట: "ఇక అడగడానికి ఎవరున్నారు?" ఏడాది తిరిగేసరికి ఆ మాట సగమే నిజమని తెలిసింది. ఆమె దగ్గర కథలు విన్నవాళ్లు ముప్ఫై మందికి పైనే ఉన్నారు. ఒకరికి పెళ్లి పాట గుర్తుంది, ఒకరికి పొలం తగాదా, ఒకరికి ఒక ముసలావిడ ముక్కుపుడక సంగతి. అలా చెదిరిపోయిన ముక్కలను తిరిగి ఒకచోట చేర్చడం ఎలాగో మేము చేసిన క్రమంలోనే రాస్తున్నాను. మాసికాలు, సంవత్సరీకం ఉన్న ఇల్లు కాబట్టి మాకు ఆ తేదీలే పంచాంగమయ్యాయి. మీ ఇంట నలభయ్యో రోజు ప్రార్థన ఉంటే అదే మీ మొదటి గుర్తు.

మొదటి మెట్టు: పదిరోజులూ ఏదీ పారేయకండి, ఏదీ సర్దకండి

ఇల్లు శుభ్రం చేయడం, బట్టలు పంచడం, మంచం తీసేయడం దుఃఖంలో ఎవరూ చూడకుండానే జరిగిపోతాయి. ఇంట్లో ఒకరు ఈ బాధ్యత తీసుకోవాలి. బీరువా, ఇనప్పెట్టె, పూజగది గూడు ఎలా ఉన్నవి అలాగే ఫోటోలు తీసి, ఆ తరవాతే చేయి పెట్టండి. ఏ కాగితం పక్కన ఏ కాగితం ఉందన్నది కూడా ఆధారమే. దొడ్డమ్మ పెట్టెలో ఒక శుభలేఖ మడతలో పాతకాలపు అట్ట రైలు టికెట్టు దొరికింది. విడదీసి వేర్వేరు కవర్లలో పెట్టి ఉంటే, మాటలు లేవనుకున్న ఆ ఇంటి పెళ్లికి ఆమె ఒంటరిగా వెళ్లి వచ్చిందని మాకెప్పటికీ తెలిసేది కాదు.

పాత పంచాంగాలను తూకానికి వేయకండి. పుట్టుకలు, చావులు, అప్పులు, ఆవు ఈనిన రోజు అన్నీ వాటి అంచుల్లోనే రాసుకునేవారు. దేవుడి పటాల వెనుక అట్టలు, పద్దు పుస్తకాలు, చీరల మడతలు కూడా చూడండి.

ఫోను విషయంలో మేము చేసిన తప్పు మీరు చేయవద్దు. పదిహేను రోజులు కాకముందే ఆమె ఫోనులో ఉన్నదంతా తీసేసి, చదువుకునే పిల్లవాడికి ఇచ్చారు. నాలుగేళ్లపాటు ఆమె వాట్సాప్‌లో పంపిన గొంతు సందేశాలు అందులో పోయాయి. ఆ తరవాత బంధువులందరినీ బతిమాలి, వాళ్ల ఫోన్లలో మిగిలిన కొన్నింటిని రాబట్టుకున్నాను. కాబట్టి ఫోనును అలాగే ఉంచండి, నంబరు రద్దు కాకుండా కొన్ని నెలలు రీఛార్జి చేయించండి. ముఖ్యమైన సంభాషణలను, ఆడియోలతో సహా, కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. వాటిలో ఆమె "తిన్నావా?" అని మాత్రమే అడిగినవి ఉన్నా తీసేయకండి.

రెండో మెట్టు: అందరూ ఒకచోట ఉన్నరోజు

పన్నెండో రోజు భోజనాలకు ఏళ్ల తరబడి గడప తొక్కనివాళ్లు కూడా వస్తారు. మళ్లీ అంతమంది ఒకచోట చేరడం ఎప్పటికో. ఆ రోజు సుదీర్ఘంగా ప్రశ్నలు వేయకూడదు, అది సమయం కాదు. రెండు పనులు చాలు. ఒకటి, పాత ఫోటోలకు పెద్ద నకళ్లు తీయించి, ప్రతి ముఖం పక్కనా అంకె వేసి, ఒక బల్ల మీద పరిచి, పక్కన నోటు పుస్తకం పెట్టండి. ఎవరూ పిలవకుండానే గుంపు చేరుతుంది. "ఇది మన రాజమండ్రి అత్తయ్య కాదూ" అని ఒకరంటే "కాదు, ఆవిడ చెల్లెలు" అని ఇంకొకరంటారు. రెండూ రాయించండి, ఎవరన్నారో పేరుతో సహా.

రెండోది, పురోహితుణ్ణి అడిగి తర్పణాల్లో చెప్పిన పేర్లన్నీ రాసుకోవడం. తండ్రి, తాత, ముత్తాత, అలాగే తల్లి, నాయనమ్మ, తాత తల్లి, ఆపైన మాతామహుల వైపు వాళ్లు. ఇంట్లో అందరూ మరచిపోయిన ముత్తవ్వ పేరు తద్దినపు మంత్రంలో బతికి ఉంటుంది. పెళ్లిలో చదివే ప్రవరలోనూ ఇలాగే మూడు తరాలు వస్తాయి.

మూడో మెట్టు: నెలకొకరి దగ్గర కూర్చోవడం

ఇదే అసలైన పని. మాసికానికి ఒకరు చొప్పున ఎంచుకోండి. వయసులో అందరికంటే పెద్దవారితో, ఆరోగ్యం బాగాలేనివారితో మొదలుపెట్టండి. మాకు కావలసిన ఒక పెద్దాయన ఐదో నెల వంతు దాకా ఆగలేదు. ఆయనతోపాటు మా ఇంటి మొత్తం రంగూన్ కథ పోయింది.

ఫోనులోనే రికార్డు చేయవచ్చు. ఫ్యాను ఆపండి, లేదా వేరే గదిలో కూర్చోండి. ఫోనును మడిచిన తువ్వాలు మీద పెడితే బల్ల చప్పుడు రాదు. కాల్స్ రాకుండా చూసుకోండి. మొదట మీ గొంతుతోనే తేదీ, చోటు, ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పండి. పదేళ్ల తరవాత ఫైలు పేరు మారిపోయినా ఈ మాటలు మారవు. నలభై నిమిషాలు దాటనివ్వకండి. పెద్దవాళ్లు అలసిపోయినా "పరవాలేదు అడుగు" అంటూనే ఉంటారు.

"మన వంశ చరిత్ర చెప్పండి" అని అడిగితే పొడి మాటలే వస్తాయి. వస్తువు చేతికివ్వండి. మా దొడ్డమ్మ రాగి చెంబును మా చిన మేనత్త చేతిలో పెట్టినప్పుడు ఆమె గంటసేపు మాట్లాడింది. వంటింట్లో ఎవరు ఎక్కడ కూర్చునేవారు, నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు, మొదటి జీతం ఎవరి చేతిలో పెట్టారు, జ్వరమొస్తే ఏ వైద్యుడి దగ్గరికి పరుగెత్తేవారు వంటి ప్రశ్నలు వేయండి. తరవాత తప్పక ఇది అడగండి: "ఇది మీరు చూశారా, దొడ్డమ్మ చెప్పగా విన్నారా?" మా దొడ్డమ్మ చేసిన పనిని మేము పద్ధతిగా మార్చుకున్నది ఈ ఒక్క ప్రశ్నతోనే. రాసుకునేటప్పుడు ప్రతి కథ పక్కనా "చూసింది", "విన్నది", "ఊరిమాట" అని మూడింటిలో ఒకటి పెట్టండి.

మధ్యలో సరిదిద్దకండి. తేదీ తప్పని మీకు తెలిసినా ఆగండి. సరిదిద్దిన మరుక్షణం ఆ మనిషి జ్ఞాపకంలోంచి బయటికి వచ్చి, పరీక్ష రాయడం మొదలుపెడతారు.

నాలుగో మెట్టు: కాలం తేల్చడం

మన పెద్దవాళ్లు ఏళ్లను అంకెల్లో దాచుకోరు. అందుకని విశాఖ కుటుంబాలకు పనికొచ్చే గుర్తుల పట్టిక ఒకటి చేసుకుని జేబులో పెట్టుకోండి. ఓడరేవు ప్రారంభం 1933 డిసెంబరు 19. జపాన్ విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6. సింధియా యార్డులో కట్టిన 'జల ఉష' ఓడను నెహ్రూ నీటిలోకి దించింది 1948 మార్చి 14. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని ఊరంతా రోడ్డెక్కింది 1966లో. పాకిస్తాన్‌తో యుద్ధంలో వాళ్ల ఘాజీ జలాంతర్గామి మునిగింది 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో. అందరూ తలుపులు వేసుకుని కూర్చున్న సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12.

ఇక లెక్క తేలికే. "బాంబులు పడినప్పుడు వాడు చంకలో ఉన్నాడు" అంటే 1940, 41 ప్రాంతంలో పుట్టినవాడు. "ఘాజీ మునిగినప్పుడు, కిటికీలకు నల్లకాగితాలు అంటించిన రోజుల్లో నాకు మూడో నెల" అంటే ఆ బిడ్డ 1972 నడిమధ్యలో పుట్టింది.

తెలుగు సంవత్సరాల పేర్లతో ఒక చిక్కుంది, అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. చిత్రభాను అంటే 1882 కావచ్చు, 1942 కావచ్చు, 2002 కావచ్చు. అవి ఉగాదితో మారతాయి కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలల్లో జరిగినవి ముందటి ఏడు పేరుతో ఉంటాయి. తద్దినం తిథి మాసాన్నీ పక్షాన్నీ ఖాయంగా చెబుతుంది, సంవత్సరం మాత్రం చెప్పదు. ఆ సంవత్సరాన్ని వేరే గుర్తుతో పట్టుకుని, రెండూ కలిపితే తేదీ దొరుకుతుంది.

వంటిల్లు కూడా పంచాంగమేనని మాకు ఆలస్యంగా తెలిసింది. బాంబులు పడినప్పుడు మా వాళ్లు ఊరు విడిచి చోడవరం వైపు పోయారన్నది మా ఇంటి పెద్ద కథ. బండిలో నాయనమ్మ ఒళ్లో ఏముందన్నదానిపై నాలుగు పాఠాలున్నాయి. వాటిలో ఎక్కువమంది చెప్పేది కొత్తావకాయ జాడీ. ఏప్రిల్ 6 అంటే చైత్ర బహుళం. అప్పటికి కొత్తావకాయ ఎక్కడిది? కాయ ముదిరి ఆవకాయ పెట్టేది వైశాఖంలో కదా. అయితే జాడీలో ఉన్నది పాతదైనా కావాలి, లేదా మా వాళ్లు బాంబులు పడిన నాడు కాక మరో నెలకు కదిలి ఉండాలి. ఆ రోజుల్లో ఊరు ఒక్కసారిగా ఖాళీ కాలేదు, కొందరు ముందు, కొందరు వెనక వెళ్లారు. రెండో అవకాశమూ ఉంది కాబట్టి ఏదీ కొట్టేయలేదు. నాలుగు పాఠాలూ, ఈ అనుమానమూ పక్కపక్కనే రాశాం. మీరూ అలాగే చేయండి. ఒక్క కథగా అతికించిన రోజున, ఆ కథ చెప్పిన నలుగురూ మాయమైపోతారు.

అయిదో మెట్టు: ఒకే పేరు, నలుగురు మనుషులు

ఉత్తరాంధ్ర ఇళ్లలో వంశవృక్షం గీసేవారికి ఇది తప్పని ముడి. సింహాచలం అప్పన్న పేరు మీద అప్పలరాజులు, అప్పలనాయుళ్లు, అప్పలనరసమ్మలు, సింహాచలాలు తరతరానా వస్తారు. తాత పేరు మనవడికి, నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టే ఆనవాయితీ ఆ ముడిని ఇంకా బిగిస్తుంది. మా ఇంట అయిదు తరాల్లో నలుగురు అప్పలనరసమ్మలు తేలారు. ప్రతి మనిషికీ ఒక అంకె ఇచ్చి, పేరు కింద పుట్టింటి ఇంటిపేరు, ఊరు, పిలుపుపేరు రాయండి. "చెరువుగట్టు నరసమ్మ", "గాజుల నరసమ్మ" అని దొడ్డమ్మ పిలిచిన పిలుపులే మాకు తాళంచెవులయ్యాయి. నూకరాజు, నూకాలమ్మ వంటి పేర్లు అనకాపల్లి నూకాలమ్మ తల్లిని, పైడిరాజు, పైడమ్మ వంటివి విజయనగరం పైడితల్లిని తలపిస్తాయి. ఆ కుటుంబం ఏ వైపు నుంచి వచ్చిందో వెతకడానికి ఇది ఆచూకీ మాత్రమే, రుజువు కాదు.

ఊళ్ల పేర్లదీ ఇదే తంటా. టెక్కలిలో కదలకుండా ఒకే ఇంట్లో ఉన్న కుటుంబం 1936కు ముందు గంజాం జిల్లాలో, ఆ తరవాత విశాఖపట్నం జిల్లాలో, 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లాలో ఉన్నట్టు కాగితాలు చెబుతాయి. విజయనగరం జిల్లా 1979లో, అనకాపల్లి జిల్లా 2022లో ఏర్పడ్డాయి. పాత కాగితంలో ఏ జిల్లా ఉంటే అదే రాసి, పక్కన ఇప్పటి జిల్లా రాయండి. ఉక్కు కర్మాగారం కోసం ఖాళీ చేసిన ఊళ్ల నుంచి వచ్చినవారైతే, ఆ ఊరి బొమ్మను పెద్దవాళ్ల చేతే గీయించండి: గుడి, చెరువు, ఎవరి ఇంటి పక్కన ఎవరి ఇల్లు. నేల మీద ఇప్పుడు లేని ఊరికి ఆ కాగితమే చిరునామా. బర్మా నుంచి తిరిగి వచ్చిన కుటుంబాలవారు కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపులో ఇరుగుపొరుగును కూడా అడగాలి. ఒక ఇంట్లో పోయిన కథ పక్కింట్లో మిగిలి ఉండవచ్చు.

ఆరో మెట్టు: కాగితాలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

ఒక్క కాగితమే వెతకగలిగితే భాగపరిష్కార దస్తావేజు వెతకండి. వాటాదారులందరి పేర్లు, తండ్రుల పేర్లు, చాలాసార్లు వయసులు కూడా అందులో ఉంటాయి. క్రయ దస్తావేజుల్లో చెక్కుబందీ చదవండి. తూర్పున ఎవరి ఇల్లు, పడమట ఎవరి దొడ్డి అన్నది ఆనాటి వీధిని కళ్ల ముందు నిలబెడుతుంది. దస్తావేజు నంబరు, సంవత్సరం తెలిస్తే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు అడగవచ్చు. జమీందారీ ఊళ్లవారికి 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరవాత తయారైన సెటిల్‌మెంట్ అడంగల్ అనే భూమి లెక్కల పుస్తకంలో పట్టాదారు పేరు దొరుకుతుంది. ఉద్యోగం చేసినవారి సర్వీసు రిజిస్టరు, పింఛను కాగితాలు, పాత ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం పుట్టిన తేదీ ఇస్తాయి. బడిలో వేసిన తేదీ, అసలు తేదీ వేరు కావడం మామూలే, రెండూ రాయండి.

ఊరి నేపథ్యం కోసం బ్రిటిష్ అధికారులు రాసినవి, కార్‌మైకేల్ 1869లో రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907లో రాసిన గెజిటీరు చూడండి. కరువులు, అంటురోగాలు, రైలు దారులు, జమీందారీల వివరాలు వాటిలో ఉన్నాయి. పాత పత్రికల కోసం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలోనూ, ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలోనూ అడిగి చూడండి.

ఇన్ని కాగితాలు తిరగేశాక నాకు మనసులో గుచ్చుకున్నది ఒకటుంది. వాటిలో ఆడవాళ్లు లేరు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టానికి ముందటి మా పంపకాల్లో ఒక్క కూతురి పేరూ కనిపించలేదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారి, మరో ఇంటి కాగితాల్లో "ఫలానావారి భార్య"గా తేలుతారు. మా ముత్తాతకు అన్నదమ్ములు ముగ్గురని దస్తావేజు చెబుతుంది. వాళ్లకు నలుగురు అక్కచెల్లెళ్లున్నారని, వాళ్లలో ఇద్దరు ఒకే కలరా ఏడులో పోయారని చెప్పింది దొడ్డమ్మ ఒక్కతే. వాళ్ల పేర్లు ఈ భూమ్మీద ఇంకెక్కడా రాసిలేవు. కాబట్టి మీ పుస్తకంలో ప్రతి కూతురికీ, ప్రతి కోడలికీ పూర్తి పుట ఇవ్వండి. కోడళ్ల పుట్టింటివారిని అడిగి మరీ రాయండి.

ఏడో మెట్టు: ఫోటోలు, సముద్రపు గాలి

విశాఖ తేమకు ఫోటోలు బూజు పడతాయి, ఒకదానికొకటి అంటుకుంటాయి. అంటుకున్నవాటిని లాగి విడదీయకండి, ఉన్నంతలో ఫోటో తీసుకుని నిపుణుడికి చూపండి. జిగురు అట్టల ఆల్బముల్లోవి తీయాలంటే పళ్లు శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని ఫోటో కింద నెమ్మదిగా నడపండి. చిన్న ఫోటోలను 600 డీపీఐలో స్కాన్ చేయండి. వెనక వైపు కూడా స్కాన్ చేయాలి, చేతిరాతా, స్టూడియో ముద్రా అక్కడే ఉంటాయి. పేర్లు మెత్తని పెన్సిల్‌తో వెనక అంచున రాయండి, బాల్‌పెన్ను వద్దు. ఆ తరవాత కాగితపు కవర్లలో, సిలికా జెల్ పొట్లాలతో, నేలకు ఎత్తుగా, బయటి గోడకు దూరంగా పెట్టండి. హుద్‌హుద్ రాత్రి మా కిటికీ పగిలినప్పుడు కింది అరలోని రెండు ఆల్బములు నానిపోయాయి. పై అరలోది ఒక్కటే మిగిలింది.

ఎనిమిదో మెట్టు: రాయాలా వద్దా అన్నవి

ప్రతి ఇంటికీ మూసిన గదులుంటాయి. రెండో పెళ్లి, పెంపకానికి ఇచ్చిన బిడ్డ, ఇల్లు విడిచి వెళ్లిన మనిషి, కులం కాని పెళ్లి. బతికి ఉన్నవారిని బాధపెట్టేది అందరి చేతికీ వచ్చే పుస్తకంలో వేయకండి. అలాగని చెరిపేయకండి కూడా. విడిగా రాసి, కవరులో పెట్టి, పైన ఏ సంవత్సరం తరవాత తెరవాలో రాసి, ఇద్దరికి అప్పగించండి. చెప్పినవారు "ఇది రాయకు" అంటే ఆ మాటకు కట్టుబడండి. దొడ్డమ్మ నాకు చెప్పి, ఎవరికీ చెప్పొద్దన్నది ఒకటుంది. అది ఏ కవరులోనూ లేదు.

తొమ్మిదో మెట్టు: సంవత్సరీకానికి పుస్తకం

పదో నెలకల్లా కొత్త సేకరణ ఆపండి, లేకపోతే పుస్తకం ఎప్పటికీ తేలదు. మొదట వంశవృక్షం, తరవాత మనిషికొక పుట, ఆ తరవాత కథలు, చెప్పినవారి పేర్లతో. మాటను గ్రంథభాషలోకి మార్చకండి. కుంచం, గరిసె, వీశ వంటి కొలతలు అలాగే ఉంచండి. మేము కంప్యూటర్‌లో కూర్చి, జెరాక్సు తీయించి, నలభై ప్రతులు బైండింగు చేయించాం. రికార్డింగులు, స్కాన్లు మూడు చోట్ల పెట్టండి: ఒకటి ఇంట్లోని హార్డ్‌డిస్కులో, ఒకటి ఇంటర్నెట్ నిల్వలో, ఒకటి వేరే ఊళ్లోని బంధువు దగ్గర. ఆ మూడోది తుపాను తాకే ఊరు కాకుండా చూడండి.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక పుస్తకాన్ని పంచడంతో ఆపకుండా, గట్టిగా చదవండి. మేము పిల్లల చేత చదివించాం. పదేళ్ల పిల్ల "ఇది దొడ్డమ్మ వాళ్ల అత్తగారు చెప్పగా విన్నది" అని మొదలుపెట్టినప్పుడు పెదనాన్న లేచి వసారాలోకి వెళ్లిపోయారు. కాసేపటికి వచ్చి మళ్లీ ముందు వరసలోనే కూర్చున్నారు.

ప్రతి పుస్తకం చివరా పదహారు ఖాళీ పుటలు వదిలి, పెన్సిల్ ఒకటి దారంతో కట్టాం. సాయంత్రానికే మొదటి పుట నిండింది. అందులో చిన మేనత్త చేతిరాత: "బండిలో ఉన్నది ఆవకాయ కాదు, చింతకాయ తొక్కు. మా అమ్మ నాకు చెప్పింది. దొడ్డమ్మ ఆ రోజు ఆ గదిలో లేదు."